ఒక్కో పేరును మూడేసి సార్లు రాయించకండి: పైథాన్ ల్యాబ్‌లో డేటాక్లాస్‌కు చోటు కోరుతూ వినతిపత్రం

స్థలం: గరివిడి, విజయనగరం జిల్లా

గౌరవనీయులైన జేఎన్‌టీయూ గురజాడ, విజయనగరం, కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అధ్యక్షులకు, సభ్యులకు,

గరివిడి, చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంజనీరింగ్ చదువుతున్న విద్యార్థులం, పైథాన్ పాఠం చెబుతున్న అధ్యాపకులం, ఇక్కడే చదువుకుని విశాఖలోనూ హైదరాబాదులోనూ ప్రోగ్రాములు రాసి బతుకుతున్నవాళ్లం కలిసి నమస్కారాలతో సమర్పించుకుంటున్న వినతి.

విషయం: పైథాన్ క్లాసుల కన్‌స్ట్రక్టర్లలో ఒకే రకం అప్పగింత వాక్యాలను పదేపదే రాయించడం తగ్గించి, డేటాక్లాస్‌ను సిలబస్‌లోనూ మూల్యాంకనంలోనూ చేర్చడం గురించి.

అయ్యా, అమ్మా,

2022లో విజయనగరంలోనే విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక సిలబస్ గురించి చెప్పుకోవలసిన చోటు మాకు దగ్గరైంది. అంతకు ముందు అయితే కాకినాడ. ఆ దగ్గరితనం ఇచ్చిన చనువుతోనే ఈ చిన్న విషయాన్ని మీ ముందు పెడుతున్నాం. ఇది ఏ కళాశాల మీదా, ఏ పరీక్షకుల మీదా ఫిర్యాదు కాదు. చూడడానికి చిన్నదే గాని, పైథాన్‌లో మొదటిసారి క్లాసు రాసే ప్రతి విద్యార్థీ దీన్ని ఎదుర్కొంటాడు. క్లాసులంటే విసుగు పుట్టేది చాలామందికి ఇక్కడే.

మా ఊరి ఉదాహరణతోనే చెబుతాం. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. చుట్టూ ఊళ్లలో పాడి ఉంది. అందుకని మినీ ప్రాజెక్టు అనగానే మా పిల్లలకు తోచేది పశువుల రికార్డు. దేశమంతటా పశువులకు చెవికి వేస్తున్న ట్యాగు మీద 12 అంకెల సంఖ్య ఉంటుంది. ఆ ట్యాగు, జాతి, వయసు, ఎన్ని ఈతలు ఈనింది, చూడిదా కాదా, రోజుకు ఎన్ని పాలు, ఏయే టీకాలు పడ్డాయి: మొత్తం ఏడు వివరాలు. పశువు అనే క్లాసు రాయాలంటే ఈ ఏడు పేర్లనూ ముందు కన్‌స్ట్రక్టర్ బ్రాకెట్లలో రాయాలి. ఆ తర్వాత లోపల ఇలా:

సెల్ఫ్.ట్యాగు = ట్యాగు
సెల్ఫ్.జాతి = జాతి
సెల్ఫ్.వయసు = వయసు
సెల్ఫ్.ఈతలు = ఈతలు
సెల్ఫ్.చూడి = చూడి
సెల్ఫ్.పాలు = పాలు
సెల్ఫ్.టీకాలు = టీకాలు

(ఇవి మీకు అర్థం కావడం కోసం తెలుగులోకి మార్చిన వాక్యాలు కావు. పైథాన్ మూడో తరం నుంచి పేర్లను తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. సెల్ఫ్ అనేది కూడా ఆనవాయితీగా వాడే పేరే గాని భాష కేటాయించుకున్న పదం కాదు. కన్‌స్ట్రక్టర్ మొదటి పరామితికి సెల్ఫ్ అని తెలుగులో పేరు పెడితే పై ఏడు వాక్యాలూ ఉన్నవున్నట్టుగా నడుస్తాయి.)

ఒక్కో పేరు మూడు సార్లు, ఏడు పేర్లకు ఇరవై ఒక్క సార్లు. అంతటితో అయిపోదు. ఆ ఆబ్జెక్టును ప్రింటు చేస్తే వివరాలు కనిపించవు, క్లాసు పేరూ మెమరీ చిరునామా కనిపిస్తాయి. వివరాలు కనబడాలంటే ఇంకో ఫంక్షన్ రాసి, ఏడు పేర్లనూ మళ్లీ రాయాలి. ఒకే ట్యాగు, అవే వివరాలు ఉన్న రెండు రికార్డులను పోల్చితే సమానం కావంటుంది. సమానం అనిపించాలంటే మరో ఫంక్షన్, మళ్లీ అవే ఏడు పేర్లు, ఈసారి రెండు వైపులా. ఇదంతా కంప్యూటర్ మీద టైపు చేయడంతో తీరిపోతుందా అంటే, మన ల్యాబుల పద్ధతి మీకు తెలియనిది కాదు. ముందు ఆబ్జర్వేషన్ బుక్కులో చేత్తో రాయాలి. దిద్దించుకున్నాక రికార్డులో మళ్లీ చేత్తో రాయాలి. పరీక్ష రోజున జవాబు పత్రంలో ఇంకోసారి. వేళ్లు నొప్పి పుడతాయని మేం ఈ వినతి ఇవ్వడం లేదు. ఈ రాతలో నేర్చుకోవడానికి ఏమీ లేదు, తప్పు పోవడానికి మాత్రం బోలెడంత చోటుంది. మా బాధ అది.

ఆ తప్పులు ఎలాంటివో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

పై వాక్యాన్ని కాపీ చేసి కింద అతికించి, ఎడమ పక్క పేరు మార్చి కుడి పక్క మార్చడం మరిచిపోతే ఈతల గదిలో వయసు కూర్చుంటుంది. రెండూ అంకెలే కాబట్టి పైథాన్ ఏమీ అనదు. ఐదేళ్ల గేదెకు ఈతలు ఐదు అని ప్రింటవుతుంది. చూసిన విద్యార్థి తన లెక్క ఎక్కడో తప్పిందనుకుని లెక్కల ఫంక్షన్లన్నీ వెతుకుతాడు. ఏడింటిలో ఒక వాక్యం రాయడమే మరిచిపోతే పశువు చక్కగా తయారవుతుంది. ఎప్పుడో చూడి పశువుల జాబితా అడిగినప్పుడు ఆ యాట్రిబ్యూట్ లేదని ఎర్రర్ వస్తుంది. తప్పు జరిగింది ఒకచోట, బయటపడింది వంద వాక్యాల తర్వాత.

అన్నింటికన్నా మోసం చేసేది టీకాల జాబితా. కొత్తగా రికార్డులోకి ఎక్కిన దూడకు ఇంకా టీకాలు వేయలేదు కదా అని విద్యార్థి కన్‌స్ట్రక్టర్ పరామితిలోనే ఖాళీ లిస్టును డిఫాల్టుగా పెడతాడు. ఎవరికైనా సహజంగా తోచేది అదే. కాని పైథాన్ ఆ ఖాళీ లిస్టును ఫంక్షన్ నిర్వచించినప్పుడు ఒక్కసారే తయారు చేస్తుంది, ప్రతి పశువుకూ కొత్తది చేయదు. టీకాల వివరం ఇవ్వకుండా తయారైన పశువులన్నీ ఒకే లిస్టును పంచుకుంటాయి. ఒక గేదెకు గాలికుంటు టీకా వేసినట్టు నమోదు చేస్తే, మందలో మిగతావాటికీ వేసినట్టే కనిపిస్తుంది. ల్యాబులో ఇది వైవా ప్రశ్న. నిజంగా పశువుల ఆసుపత్రికి ఇచ్చే ప్రోగ్రాములో జరిగితే టీకా పడని పశువు పడినట్టుగా లెక్కలోకి వెళ్లిపోతుంది.

ఈ మూడు తప్పులకూ విరుగుడు పైథాన్‌లోనే, విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేకుండా ఉంది. ఎరిక్ స్మిత్ ప్రతిపాదించిన డేటాక్లాస్ 2018 జూన్ 27న విడుదలైన 3.7 వెర్షన్‌తో ప్రామాణిక లైబ్రరీలో చేరింది. క్లాసు పైన డేటాక్లాస్ అనే డెకరేటర్ పెట్టి, లోపల ఏడు పేర్లనూ వాటి రకాలతో ఒక్కొక్కసారి రాస్తే చాలు: ట్యాగు స్ట్రింగ్, జాతి స్ట్రింగ్, వయసు పూర్ణాంకం, అలా. కన్‌స్ట్రక్టర్, ప్రింటు రూపం, సమానత్వ పరీక్ష మూడూ అదే తయారు చేసి పెడుతుంది. కాపీ చేసి అతికించే వాక్యమే లేనప్పుడు అందులో పేరు తారుమారయ్యే వీలు లేదు. ఒక వాక్యం మరిచిపోయే వీలూ లేదు. టీకాలకు ఖాళీ లిస్టును డిఫాల్టుగా పెట్టబోతే క్లాసు నిర్వచించే దగ్గరే వాల్యూ ఎర్రర్ ఇచ్చి, డిఫాల్ట్ ఫ్యాక్టరీ వాడమని చెబుతుంది. ప్రతి పశువుకూ కొత్త లిస్టు కావాలని విద్యార్థి నోటితో అనిపించే ఏర్పాటు అది. పాఠం చెప్పేవాళ్లకు ఇంతకన్నా మంచి సందర్భం ఏం దొరుకుతుంది?

ఇది ఎవరో కుర్రాళ్లు కనిపెట్టిన అడ్డదారి కాదని మనవి చేయడానికి కొంచెం వెనక్కి వెళ్తాం. పేర్లున్న టపుల్ పైథాన్ 2.6 నాటికే, అంటే 2008లోనే, ప్రామాణిక లైబ్రరీలోకి వచ్చింది. కాని దానిలో పెట్టిన విలువను తర్వాత మార్చలేం. 2015లో హైనెక్ ష్లావాక్ యాట్రస్ అనే లైబ్రరీ రాశారు. దాన్ని ఎంతమంది ఆదరించారంటే, ఆ దారిలోనే ప్రామాణిక లైబ్రరీకి డేటాక్లాస్ వచ్చింది, దాని ప్రతిపాదన పత్రంలోనే యాట్రస్ ప్రస్తావన ఉంది. తక్కిన భాషల వాళ్లూ ఈ విసుగును భరించలేకే దారులు వేసుకున్నారు. డార్ట్‌లో కన్‌స్ట్రక్టర్ బ్రాకెట్లలోనే దిస్ చుక్క పేరు అని రాస్తే అప్పగింత అయిపోతుంది. టైప్‌స్క్రిప్టులో, కోట్లిన్‌లో పరామితి ముందు ఒక మాట చేర్చితే చాలు. 2020 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.0 కూడా ఇదే ఏర్పాటు చేసింది. ఎక్కువ రాయించే భాషగా పేరుపడ్డ జావా సైతం 2021 మార్చిలో వచ్చిన 16వ వెర్షన్‌లో రికార్డులను స్థిరపరిచింది. పైథాన్‌లో పరామితుల వరుసలోనే సెల్ఫ్‌కు అప్పగించే వాక్యనిర్మాణం లేదు గనుక డేటాక్లాస్ అవసరం మనకు ఇంకా ఎక్కువ.

పైథాన్ అధికారిక ట్యుటోరియల్‌లో తొమ్మిదో అధ్యాయం క్లాసుల గురించి. కొన్ని వివరాలను ఒకచోట కట్టి పెట్టుకోవడానికి డేటాక్లాస్ వాడడమే పైథాన్ తీరని అందులోనే రాసి ఉంది. అయితే ఆ మాట అధ్యాయం చివరి భాగంలో, మిగిలిపోయిన సంగతుల కింద ఉంటుంది. పుస్తకాన్ని చివరిదాకా చదివే తీరిక లేని విద్యార్థికి అది కనబడదు. పాఠ్యప్రణాళిక రాసే మీరు దాన్ని ముందుకు తెస్తేనే కనబడుతుంది.

ఇక అభ్యంతరాలు. మాలో అధ్యాపకులే ఈ వినతి మీద చర్చలో లేవనెత్తినవి ఇవి. వాటిని దాచిపెట్టడం మాకిష్టం లేదు.

మొదటిది: లోపల ఏం జరుగుతోందో తెలియకుండా డెకరేటర్ పెట్టించడం బట్టీ పట్టించడమే అవుతుంది కదా? నిజమే. అందుకే చేత్తో రాసే కన్‌స్ట్రక్టర్‌ను తీసేయమని మేం అడగడం లేదు. సెల్ఫ్ అంటే ఏమిటో, ఆబ్జెక్టు మీద విలువ ఎలా నిలుస్తుందో అర్థమయ్యేదాకా చేత్తోనే రాయాలి. ఒకటి రెండు క్లాసులు అలా రాస్తే అర్థమవుతుంది. అర్థమయ్యాక కూడా విద్యార్థి పేరు, బ్యాంకు ఖాతా, లైబ్రరీ పుస్తకం, ఉద్యోగి జీతం అంటూ ప్రతి ప్రయోగంలోనూ అదే రాయిస్తే అదే అసలైన బట్టీ. పైగా డేటాక్లాస్ లోపల ఏం చేస్తుందో చూపడం మంచి పాఠం అవుతుంది. అది మన పేర్లను చదివి, మనం చేత్తో రాసేలాంటి కన్‌స్ట్రక్టర్ వాక్యాలనే అక్షరాలుగా కూర్చి, వాటిని పైథాన్ చేతనే నడిపించి ఫంక్షన్‌గా మారుస్తుంది. చేత్తో రాసిన విద్యార్థికి ఆ సంగతి చెబితే కళ్లు పెద్దవవుతాయి. రాయనివాడికి చెబితే ఏమీ అనిపించదు.

రెండోది: ప్లేస్‌మెంట్ పరీక్షల్లో పాత పద్ధతే అడుగుతారు కదా? పాత పద్ధతి తెలిసే ఉంటుంది కాబట్టి నష్టం లేదు. ఉద్యోగంలో చేరాక ఎదురయ్యేది మాత్రం రెండూ. మాలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు మొదటి నెలల్లో ఇతరుల కోడు చదువుతూ డేటాక్లాస్‌ను అక్కడే మొదటిసారి చూశారు.

మూడోది, అసలైనది: పరీక్ష పేపరు దిద్దేవాళ్ల ముందు ఏ జవాబు సరైనది? క్లాసు రాయమంటే డేటాక్లాస్ రాసిన విద్యార్థికి, కన్‌స్ట్రక్టర్ లేదని మార్కులు తగ్గితే ఎవరిని అడగాలి? దిద్దేవారిది తప్పు కాదు, వారి చేతిలో ఉన్న స్కీమ్‌లో ఆ మాట లేకపోతే వారేం చేయగలరు? ఈ సందర్భంలో మన విశ్వవిద్యాలయం పేరులో ఉన్న మహనీయుణ్ణి తలచుకోకుండా ఉండలేం. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ ఉపసంఘంలో సభ్యుడిగా ఉండి, అధిక సంఖ్యాకుల నివేదికతో ఏకీభవించక, గురజాడ అప్పారావు గారు 1914లో అసమ్మతి పత్రం రాశారు. విద్యార్థి పరీక్షలో ఏ తెలుగు రాస్తే ఒప్పు అన్నదే అక్కడ తగువు. జనం వాడుకలో ఉన్న భాషను జవాబు పత్రంలో తప్పుగా లెక్కించకూడదని ఆయన విజయనగరం నుంచి వాదించారు. మాది అంత పెద్ద విషయం కాదు. అయినా ప్రశ్న అదే జాతిది: పని చేసేవాళ్ల వాడుకలో ఉన్నది పరీక్షలో ఒప్పా, కాదా?

పై మాటలను దృష్టిలో పెట్టుకుని మేం కోరుతున్నవి ఇవి.

పైథాన్ సిలబస్‌లో క్లాసులూ కన్‌స్ట్రక్టర్లూ చెప్పే యూనిట్ కింద డేటాక్లాస్ అని పేరు పెట్టి రాయండి. ఒక్క మాట చాలు. ఆ మాట లేకపోతే ఇష్టమున్న అధ్యాపకుడు చెబుతాడు, లేనివాడు వదిలేస్తాడు. దాంతో పాటు క్రమం కూడా సూచించండి: ముందు చేతి కన్‌స్ట్రక్టర్, ఖాళీ లిస్టు డిఫాల్టు వల్ల వచ్చే తప్పును కళ్లారా చూపే ప్రయోగం, ఆ తర్వాతే డేటాక్లాస్.

స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌లో, ప్రశ్న ప్రత్యేకంగా చేతి కన్‌స్ట్రక్టర్‌నే అడిగితే తప్ప, డేటాక్లాస్‌తో రాసిన జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వాలని స్పష్టం చేయండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు వెళ్లే సూచనల్లోనూ ఈ వాక్యం ఉండాలి. మా కోరికలన్నింటిలో దీన్నే మేం గట్టిగా అడుగుతున్నాం. మిగతావి ఆలస్యమైనా ఓర్చుకుంటాం. ఇది మాత్రం వచ్చే సెమిస్టర్ పరీక్షలకు ముందే కావాలి.

డేటాక్లాస్ ఎక్కడ పనికిరాదో కూడా సిలబస్‌లో ఉండాలి. తయారవుతూనే ఫైలు తెరవడం, డేటాబేస్‌కు కలవడం వంటి పనులు చేసే క్లాసుకు మామూలు కన్‌స్ట్రక్టరే తగినది. వివరాల పక్కన రాసే రకాలను పైథాన్ తనిఖీ చేయదన్న సంగతి పిల్లలకు తెలియాలి. వయసు పూర్ణాంకమని రాసి ఉన్నా అక్షరాలు ఇస్తే అభ్యంతరం లేకుండా పుచ్చుకుంటుంది. ట్యాగులో 12 అంకెలు ఉన్నాయో లేదో చూసే పనిని కన్‌స్ట్రక్టర్ ముగిశాక దానంతట అదే నడిచే పోస్ట్ ఇనిట్ ఫంక్షన్‌లో పెట్టడం నేర్పాలి. మామూలు డేటాక్లాస్ ఆబ్జెక్టును డిక్షనరీ కీగా వాడబోతే ఎర్రర్ వస్తుంది, విలువలు మారకుండా ఫ్రోజెన్ అని పెడితే, లోపల లిస్టు వంటివి లేనంతవరకు, వాడుకోవచ్చు. ఇది ఒక్క వాక్యంలో చెప్పినా సరిపోతుంది.

విలువల తారుమారు గురించి ఇంకొక్క మాట. గరివిడి పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది ఫెర్రో అల్లాయ్స్. ఫెర్రో మాంగనీసు నమూనా రికార్డు తీసుకోండి: మాంగనీసు, కార్బన్, సిలికాన్, గంధకం, భాస్వరం, అన్నీ దశాంశాల శాతాలే. కన్‌స్ట్రక్టర్ డేటాక్లాస్ రాసినదైనా సరే, వాడేవాడు గంధకం, భాస్వరం విలువలను అటూ ఇటూ ఇస్తే ఎవరూ పట్టుకోలేరు. పేరు పెట్టి విలువ ఇవ్వడం తప్పనిసరి చేసే కీవర్డ్ ఓన్లీ ఏర్పాటు 2021 అక్టోబరులో వచ్చిన 3.10 నుంచి డేటాక్లాస్‌లో ఉంది. పశువు అనే క్లాసు నుంచి గేదె అనే క్లాసును దించినప్పుడు, డిఫాల్టు ఉన్న వివరం వెనక డిఫాల్టు లేనిది వచ్చిందని వచ్చే ఎర్రర్‌కూ అదే మందు. కాబట్టి వీలున్న ల్యాబులన్నింటిలో 3.10 లేదా ఆపై వెర్షన్ ఉండాలని సూచించండి. పాత కంప్యూటర్లున్న కాలేజీల పరిస్థితి మాకు తెలుసు. విండోస్ 7 మీద 3.8 వరకే ఎక్కుతుంది. అక్కడ కీవర్డ్ ఓన్లీ ఉండదు గాని డేటాక్లాస్ ఉంటుంది. అంటే పాత కంప్యూటర్లను కారణంగా చూపి ఈ పాఠాన్ని వాయిదా వేయనవసరం లేదు.

ఒక హెచ్చరిక కూడా మీ ద్వారా అన్ని కాలేజీలకూ వెళ్లాలి. ఈ విసుగు తప్పించుకోవడానికి, కన్‌స్ట్రక్టర్‌లోని స్థానిక పేర్లన్నింటినీ ఒకే వాక్యంతో ఆబ్జెక్టు డిక్షనరీలోకి గుమ్మరించే చిట్కా విద్యార్థుల మధ్య తిరుగుతోంది. ఒక్క వాక్యంతో పని అయిపోతుంది గనుక ముచ్చటగానే ఉంటుంది. కాని సెల్ఫ్ కూడా అందులో పడి ఆబ్జెక్టు తనను తానే మోసుకు తిరుగుతుంది. స్లాట్స్ పెట్టిన క్లాసులో ఆ డిక్షనరీ ఉండదు కాబట్టి అక్కడ నడవదు. అన్నింటికీ మించి, చదివేవాడికి గాని ఎడిటర్‌కు గాని ఆ క్లాసుకు ఏయే వివరాలున్నాయో తెలియదు. సరైన దారి చూపకపోతే పిల్లలు ఇలాంటివే పట్టుకుంటారు.

చివరగా, తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థుల కోసం ఈ పాఠం మీద తెలుగులో రెండు మూడు పేజీల వివరణ తయారు చేయించండి. రాసిపెట్టడానికి మాలో అధ్యాపకులు, ఉద్యోగులు సిద్ధంగా ఉన్నారు. మీరు పరిశీలించి ఆమోదిస్తే చాలు, పారితోషికం అక్కర్లేదు. పశువుల రికార్డు, ఫెర్రో మాంగనీసు నమూనా రికార్డు, రెండింటినీ చేతి కన్‌స్ట్రక్టర్‌తోనూ డేటాక్లాస్‌తోనూ రాసి, నడిపి చూసిన ప్రోగ్రాములను ఈ వినతికి జతపరుస్తున్నాం. బోర్డు తదుపరి సమావేశం ఎజెండాలో ఈ విషయాన్ని చేర్చి, మాలో ఇద్దరికి పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాం. విజయనగరం రమ్మంటే వస్తాం. ప్రోగ్రాములను మీ ముందే నడిపి చూపుతాం.

ఇట్లు,
తమ విధేయులు,
గరివిడి, చీపురుపల్లి పరిసరాల పైథాన్ విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు

జతపరచినవి: సంతకాల పత్రం, రెండు పద్ధతుల్లో రాసిన నమూనా ప్రోగ్రాములు